మూడు నెలలకు మార్చాల్సిన స్టెంట్: ఆపరేషన్ తర్వాత పిత్తనాళం సన్నబడిన ఒక కేసు

పిత్తరసాన్ని లివర్ నుంచి పేగుకి తెచ్చే నాళం సన్నబడితే, దాన్ని తెరిచి ఉంచడానికి లోపల పెట్టే గొట్టమే స్టెంట్. ప్లాస్టిక్ స్టెంట్‌ను 3 నెలలకు ఒకసారి మార్చాలి. ఈ పేషెంటుకి 11 నెలలు మార్చలేదు. ఎందుకు మార్చలేదు, ఏం జరిగింది, తర్వాత మేం ఏ దారి పట్టాం, ఎందుకు పట్టాం అన్నది ఇక్కడ రాస్తున్నాను. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాను. వయసు, ఊరు, ఇంటి సంగతులు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను. వైద్యానికి సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

నేపథ్యం

నలభై దాటిన మహిళ. కోస్తాలో మెట్ట ప్రాంతం. వ్యవసాయ కూలి. మిర్చి సీజన్‌లో కోతలకి, మిగతా రోజుల్లో పత్తి తీతకి, కలుపుకి వెళ్తుంది. షుగర్ లేదు, బీపీ లేదు. పిత్తాశయంలో రాళ్లున్నాయని వేరే ఊళ్లో లాపరోస్కోపీ ఆపరేషన్ మొదలుపెట్టారు, మధ్యలో ఓపెన్‌గా మార్చాల్సి వచ్చింది. ఆమె ప్లాస్టిక్ కవర్లో దాచుకున్న కాగితాల్లో ఆపరేషన్ నోట్ ఉంది. అందులో రెండు విషయాలు నా కంట పడ్డాయి. ఒకటి, పిత్తాశయం మెడ దగ్గర అంతా అతుక్కుపోయి ఉంది, రక్తం ఎక్కువ పోయింది. రెండు, ఆపరేషన్ తర్వాత పొట్టలోంచి బయటికి పెట్టిన డ్రెయిన్ గొట్టంలో 9 రోజులు పిత్తరసం వచ్చి దానంతటదే ఆగింది.

ఆ రెండో మాట చదవగానే సగం విషయం తెలిసిపోయింది. పిత్తరసం బయటికి వచ్చిందంటే ఎక్కడో నాళానికి దెబ్బ తగిలింది. అది ఆగడం మంచిదే. కానీ మానిన చోట మచ్చ కడుతుంది, మచ్చ నెమ్మదిగా ముడుచుకుంటుంది. పైగా పిత్తనాళానికి రక్తం తెచ్చే సన్నటి నాళాలు దాని రెండు పక్కలా అంచుల వెంటే నడుస్తాయి. రక్తం ఆపడానికి అక్కడ వేడితో కాల్చే కాటరీ వాడితే నాళం తెగకపోయినా దాని రక్త సరఫరా తగ్గుతుంది. అలాంటి నాళం ఆ వారంలోనే సన్నబడదు, నెలల తర్వాత సన్నబడుతుంది.

ఆపరేషన్ చేసిన సర్జన్‌ను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. లాపరోస్కోపీలో వెయ్యి మందికి నలుగురైదుగురిలో ఇలా జరుగుతుంది, అనుభవం ఉన్న చేతుల్లో కూడా. అతుక్కుపోయిన పిత్తాశయం దగ్గర ఏది ఏ నాళమో తేల్చుకోవడం ఎంత కష్టమో పక్కన నిలబడి చూసినవాళ్లకి తెలుసు.

మా దగ్గరికి వచ్చినప్పుడు

ఆపరేషన్ అయిన 5 నెలలకు ఒళ్లంతా దురద మొదలైంది. తర్వాత మూత్రం పచ్చబడింది, కళ్లు పచ్చబడ్డాయి. ఊళ్లో అందరూ కామెర్లన్నారు. మూడు వారాలు పసరు మందు తాగింది, ఉప్పూ నూనే లేకుండా చప్పిడి పథ్యం చేసింది. మన దగ్గర కామెర్లంటే చాలామంది మొదట పోయేది పసరు మందుకే. లివర్‌కి వైరస్ సోకి వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి కాబట్టి ఆ పేరు పసరుకి వస్తుంది. నాళం మూసుకుపోయి వచ్చే కామెర్లు అలా తగ్గవు. ఈ తేడా ఆమెకి ఎవరూ చెప్పలేదు. దురదతో రాత్రిళ్లు నిద్ర లేక, గోకి గోకి చేతుల మీద చర్మం లేచిపోయింది. చివరికి చలి వణుకుతో జ్వరం వచ్చాక కొడుకు తీసుకొచ్చాడు.

కామెర్లను కొలిచే బిలిరుబిన్ 9.4. పిత్తనాళం అడ్డుపడితే రక్తంలో పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 612. తెల్లకణాలు 14,800. రక్తం గడ్డకట్టే తీరు చూపే ఐఎన్‌ఆర్ 1.6. పిత్తరసం పేగులోకి రాకపోతే విటమిన్ కె ఒంటికి పట్టదు, అందుకే రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతోంది. బీపీ నిలకడగా ఉంది, మాట తడబడటం లేదు. అల్ట్రాసౌండ్‌లో లివర్ లోపలి నాళాలు ఉబ్బి ఉన్నాయి. పై నాళం 13 మి.మీ. వెడల్పు ఉంది, ఉన్నట్టుండి గరాటు మూతిలా సన్నబడిపోతోంది.

ఇక్కడ మొదటి నిర్ణయం: ఆ రాత్రే స్కోపుతో పిత్తనాళంలోకి వెళ్లే ఈఆర్‌సీపీ చేయాలా, ముందు ఎంఆర్ఐతో నాళాల ఫొటో తీసే ఎంఆర్‌సీపీ తీయాలా? నాళంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు దాన్ని ఖాళీ చేయడమే అసలు మందు. ఆలస్యం చేస్తే ప్రమాదం. కానీ ఆమె బీపీ బాగుంది, యాంటీబయాటిక్ మొదలుపెట్టిన 8 గంటల్లో జ్వరం దిగింది. అందుకే ఒక రోజు తీసుకున్నాం. ఆ రోజులో విటమిన్ కె ఇంజెక్షన్లు ఇచ్చాం, ఎంఆర్‌సీపీ తీయించాం. ఆపరేషన్ తర్వాత వచ్చిన ఇలాంటి సమస్యలో ఎంఆర్‌సీపీ లేకుండా లోపలికి వెళ్లడం నాకు ఇష్టం ఉండదు. నాళం పూర్తిగా తెగిపోయి ఉన్నా, క్లిప్పు పడి మూసుకుపోయి ఉన్నా కింది నుంచి ఎంత ప్రయత్నించినా వైరు పైకి పోదు. అప్పుడు ఎక్స్‌రేలో నాళం కనపడేలా మనం కొట్టే రంగు మందు మూసుకున్న భాగంలోకి కొంచెం వెళ్లి అక్కడే ఇరుక్కుంటే ఇన్‌ఫెక్షన్ ఇంకా ముదురుతుంది.

ఎంఆర్‌సీపీలో నాళం తెగలేదు. కుడి, ఎడమ నాళాలు కలిసే చోటికి 12 మి.మీ. కింద ఒక సన్నటి భాగం, పొడవు 8 మి.మీ. లోపు. ఫ్రెంచ్ సర్జన్ బిస్మత్ 1982లో ఇచ్చిన వర్గీకరణలో ఇది రెండో రకం: కలిసే చోటు చెక్కుచెదరలేదు, కానీ దాని కింద మిగిలిన ఆరోగ్యమైన నాళం 2 సెంటీమీటర్ల లోపే. ఈ 12 మి.మీ. అన్న అంకెను గుర్తుంచుకోమని కోరుతున్నాను. తర్వాత తీసుకున్న అతి పెద్ద నిర్ణయం దాని మీదే ఆధారపడింది.

ఇది క్యాన్సర్ కాదని ఎలా నమ్మాలి? ఆపరేషన్, పిత్తరసం లీకు, 5 నెలలకు కామెర్లు, పొట్టిగా నునుపుగా ఉన్న సన్నదనం, చుట్టూ గడ్డ లేకపోవడం, అన్నీ మచ్చ వైపే చూపిస్తున్నాయి. క్యాన్సర్ సూచికగా చూసే సీఏ 19-9 రక్త పరీక్ష చేయించాలని జూనియర్ అడిగాడు. వద్దన్నాను. నాళం మూసుకుని కామెర్లు ఉన్నప్పుడు అది ఊరికే పెరుగుతుంది. ఆ అంకె చూసి ఇంటివాళ్లు హడలిపోతారు, మనకీ అనవసరమైన టెన్షన్. కామెర్లు తగ్గాక చేయిద్దాం, ఈఆర్‌సీపీలో ఎలాగూ బ్రష్ పెట్టి కణాలు తీస్తాం అని చెప్పాను. ఆ తర్వాత రెండుసార్లు బ్రష్ పెట్టి తీసిన కణాల్లో ఏ తేడా లేదు. కామెర్లు పోయాక సీఏ 19-9 మామూలుగానే ఉంది.

మొదటి ఈఆర్‌సీపీ

ఈ పని చూడనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. నోట్లోంచి స్కోపు పంపి, కడుపు దాటి, చిన్నపేగు మొదటి భాగంలో పిత్తనాళం తెరుచుకునే చోటుకి చేరతాం. ఆ రంధ్రాన్ని కొద్దిగా కోసి వెడల్పు చేసి, సన్నటి వైరును ఎక్స్‌రే తెర మీద చూస్తూ పైకి పంపుతాం. వైరు సన్నటి భాగాన్ని దాటితే పని సగం అయినట్టే. దాటకపోతే ఏమీ కానట్టే.

ఆమెకి వైరు దాటడానికి 35 నిమిషాలు పట్టింది. మచ్చ కట్టిన చోట నాళం తిన్నగా ఉండదు, పక్కకి లాగేసి ఉంటుంది. వైరు కొస ప్రతిసారీ ఎడమ గోడకి తగిలి చుట్ట చుట్టుకుపోతోంది. బలం పెడితే నాళం పక్కకి చీలుతుంది. కాబట్టి బలం పెట్టకుండా, బెలూన్ క్యాథెటర్‌ను సన్నటి భాగం కింద నిలిపి, కొద్దిగా ఉబ్బించి మెల్లగా కిందికి లాగి నాళాన్ని తిన్నగా చేశాం. వంపు తిరిగే జారుడు వైరు అప్పుడు తనంతట తాను దూరి ఎడమ లివర్ నాళంలోకి వెళ్లింది. వెనకాలే ముదురు గోధుమరంగు పిత్తరసం.

6 మి.మీ. బెలూన్‌తో వెడల్పు చేశాం. బెలూన్ ఉబ్బుతుంటే తెర మీద నడుము కట్టినట్టు మధ్యలో నొక్కు కనిపిస్తుంది. ఆ నొక్కు పోయిందంటే మచ్చ లొంగిందని అర్థం. ఆమెకి సగమే పోయింది. ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో అయితే బెలూన్ అసలు వాడేవాణ్ని కాదు, కొత్తగా మానుతున్న చోటు మళ్లీ చిరుగుతుంది. 5 నెలల మచ్చ కాబట్టి వాడాను. రెండు స్టెంట్లు పెట్టాలనుకున్నాను, ఒక్కటే పట్టింది: 10 ఫ్రెంచ్, అంటే 3.3 మి.మీ. లావు గొట్టం. పాంక్రియాస్ వాచే పాంక్రియాటైటిస్ రాకుండా ఇండోమెథాసిన్ 100 మి.గ్రా. మలద్వారం గుండా ఇచ్చాం.

నాలుగో రోజుకి దురద తగ్గింది. వారానికి బిలిరుబిన్ 3.1. నెలకి మామూలు స్థాయికి వచ్చింది. నెలకి వచ్చినప్పుడు ఆమెను గుర్తుపట్టలేకపోయాను, మొహం అంత తేటపడింది. "ఇక నాకేం లేదు సార్, పనికి పోతున్నా" అంది. నేనూ సంతోషించి, "రెండు నెలల తర్వాత మళ్లీ రావాలమ్మా" అని చెప్పి పంపాను.

అప్పుడు నేను చెప్పింది అంతే.

పదకొండు నెలలు

ఆమె రాలేదు. మేం ఫోన్ చేయలేదు. స్టెంట్ పెట్టిన వాళ్లందరి పేర్లతో తేదీల వారీగా పుస్తకం లాంటిది అప్పటికి మా దగ్గర లేదు. ఎవరి గడువు ఎప్పుడో ఎవరి ఫైలులో వాళ్లదే ఉండేది. ఫైలు తెరిస్తే తెలుస్తుంది, పేషెంటు వస్తేనే ఫైలు తెరుస్తాం.

స్టెంట్ పెట్టిన 11 నెలలకు, ఒక సాయంత్రం ఆటోలో తెచ్చారు. బీపీ 84/50. నాడి 128. చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతోంది. బిలిరుబిన్ 6.2, తెల్లకణాలు 23,400, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ 2.1. మొదటిసారి ఒక రోజు ఆగాం. ఈసారి ఆగడానికి లేదు. సెలైన్లు, పైపరాసిలిన్-టాజోబాక్టమ్ యాంటీబయాటిక్, బీపీ నిలపడానికి నోరాడ్రినలిన్ తక్కువ మోతాదులో పెట్టి, 6 గంటల్లో ఈఆర్‌సీపీ గదికి తీసుకెళ్లాం.

స్టెంట్ కొస పేగులోకి చూస్తోంది, రంధ్రం కనపడటం లేదు. వల వేసి పట్టి లాగాను. బయటికి తీసి ట్రేలో పెట్టాక చూశాం. పెట్టినప్పుడు ఆకాశం రంగులో ఉండే గొట్టం నల్లగా మారిపోయింది. సర్జికల్ బ్లేడుతో నిలువునా చీలిస్తే లోపల ఒక కొస నుంచి ఇంకో కొస దాకా గట్టి గోధుమరంగు ముద్ద, పేగు వైపు కొసలో సన్నటి పీచు, ఏదో ఆకుకూర పీచు. స్టెంట్ పూడిపోయే తీరు ఇదే. గోడకి బ్యాక్టీరియా పొరలా అంటుకుంటుంది, దాని మీద బిలిరుబిన్ లవణాలు పేరుకుంటాయి, పేగులోంచి తిండి నలుసులు ఎదురెక్కుతాయి. మూడు నెలలు దాటితే ఎప్పుడు పూడుతుందో చెప్పలేం. అందుకే ఆ గడువు.

స్టెంట్ తీయగానే చీము కారింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ముందు రంగు మందు కొట్టి ఫొటో చూడాలనిపిస్తుంది. చీముతో బిగిసి ఉన్న నాళంలోకి ఇంకా ద్రవం కొడితే ఆ బ్యాక్టీరియా నేరుగా రక్తంలోకి పోతుంది. అందుకని మొదట 30 మి.లీ. వరకు లాగేశాం, ఆ తర్వాత కొంచెం రంగు మందుతో సరిపెట్టాం. సన్నటి భాగం పైన మెత్తటి రాళ్లు నిండి ఉన్నాయి. వాటి జోలికి ఆ రాత్రి పోలేదు. ముక్కులోంచి పిత్తనాళం దాకా ఒక సన్నటి డ్రెయిన్ పెట్టి బయటికి వచ్చేశాం. స్టెంట్ కాకుండా డ్రెయిన్ ఎందుకంటే, చీము చిక్కగా ఉంది, డ్రెయిన్ అయితే పూడితే కడగొచ్చు, ఎంత వస్తోందో కళ్లతో చూడొచ్చు. మొత్తం 14 నిమిషాల పని. షాక్‌లో ఉన్న మనిషికి ఆ రాత్రి చేయాల్సింది నాళాన్ని ఖాళీ చేయడం ఒక్కటే.

మూడో రోజుకి బీపీ నిలిపే మందు ఆపేశాం. రక్తం కల్చర్‌లో ఈ. కోలై బ్యాక్టీరియా వచ్చింది. ఐదో రోజుకి లేచి కూర్చుంది. అప్పుడు అడిగాను, ఎందుకు రాలేదమ్మా అని. కోపంగా అడగలేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగాను.

"బాగానే ఉన్నాగా సార్. మిర్చి కోతలు. రోజు పోతే కూలి పోద్ది. లోపల గొట్టం ఉందని నాకు తెలీదు."

లోపల గొట్టం ఉందని ఆమెకి తెలియదు. స్టెంట్ అన్నాం. ఆమె విన్నది గుండెకి వేసే స్టెంట్ గురించి, అది జన్మంతా ఉంటుందని. వాళ్ల ఊళ్లో ఇద్దరికి వేశారట, వాళ్లెవరూ మార్పించుకోవడానికి పోలేదు. డిశ్చార్జి కాగితం తీసి చూపించింది. రెండో పేజీలో, మందుల పట్టిక కింద, ఇంగ్లీషులో ఒక వరుస: 3 నెలలకు స్టెంట్ మార్పిడికి రావాలని. ఆ ఇంట్లో ఇంగ్లీషు చదివేది కొడుకొక్కడే, అతను హైదరాబాద్‌లో పని చేస్తాడు.

ఎటు పోవాలి

ఆరో రోజు రాళ్లు తీసి శుభ్రం చేసే ముందు మా సర్జన్‌తో కూర్చున్నాను. ఆయన వాదన సూటిగా ఉంది. లివర్ నాళాన్ని చిన్నపేగుకి కలిపి కుట్టే ఆపరేషన్ చేద్దాం, అనుభవం ఉన్న చోట ఫలితాలు బాగుంటాయి, ఒక్కసారితో అయిపోతుంది. స్టెంట్ల దారిలో ఆమె ఏడాదిలో నాలుగైదుసార్లు రావాలి. ఒక్కసారి తప్పితే ఏమవుతుందో ఇప్పుడే చూశాం. రాలేని పేషెంటుకి స్టెంట్ పెట్టడం ప్రమాదం.

ఈ వాదనను నేను తేలిగ్గా తీసుకోలేదు. పేషెంటు మళ్లీ మళ్లీ రాగలదా లేదా అన్నది ఎంఆర్‌సీపీ లాగే చికిత్స ఎంచుకోవడంలో లెక్కలోకి రావాల్సిన విషయం. అయినా ఆ వారం ఆపరేషన్‌కి అనువుగా లేదు. రక్తంలోని ప్రోటీన్ ఆల్బుమిన్ 2.6 మాత్రమే, కిడ్నీలు ఇప్పుడిప్పుడే కోలుకుంటున్నాయి, నాళం గోడ వాచి మెత్తబడి ఉంది. కుట్టు నిలవాలంటే వాపు తగ్గాలి. అంటే ఎలా చూసినా కనీసం 3 నెలలు స్టెంట్లు తప్పవు. స్టెంట్లతో కుదరకపోతే తర్వాత ఆపరేషన్ చేయొచ్చు, ఆ తలుపు మూసుకోదు. ఆపరేషన్ చేసి అతుకు దగ్గర మళ్లీ సన్నబడితే మాత్రం మా స్కోపు అక్కడికి చేరడం చాలా కష్టం. ఇద్దరం ఒక మాట మీదికి వచ్చాం. స్టెంట్లతో మొదలుపెడదాం, ఆమె ఒక్క గడువు తప్పినా, లేదా ఏడాదికి నాళం తెరుచుకోకపోయినా ఆపరేషన్.

తర్వాతి ప్రశ్న: మెటల్ స్టెంట్ పెడితే సరిపోదా? పూర్తిగా కవర్ ఉన్న మెటల్ స్టెంట్ 10 మి.మీ. వెడల్పుకి విచ్చుకుంటుంది, నెలల తరబడి పూడదు, ఈఆర్‌సీపీల సంఖ్య తగ్గుతుంది. కూలికి పోయే మనిషికి ఇది చిన్న విషయం కాదు. చదివింది కూడా గుర్తొచ్చింది. 2016లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన అమెరికా ట్రయల్‌లో 112 మందిని రెండు గుంపులు చేస్తే, సన్నదనం పోయినవాళ్లు మెటల్‌తో 92.6 శాతం, ఎక్కువ ప్లాస్టిక్ స్టెంట్లతో 85.4 శాతం. ఈఆర్‌సీపీలు సగటున మెటల్‌కి 2.14, ప్లాస్టిక్‌కి 3.24. అంతకు ముందు 2014లో పలు దేశాల్లో 187 మంది మీద వచ్చిన అధ్యయనం, అందులో మన హైదరాబాద్ నుంచి డాక్టర్ నాగేశ్వరరెడ్డి గారు కూడా సహరచయిత, మెటల్ స్టెంట్ పెట్టి నెలల తర్వాత క్షేమంగా తీయొచ్చని చూపించింది.

అంకెలు బాగున్నాయి. కానీ అవి ఎవరి అంకెలు? ఆ 112 మందిలో ఎక్కువమంది లివర్ మార్పిడి అయినవాళ్లు, తర్వాత పాంక్రియాటైటిస్ వాళ్లు. మామూలు ఆపరేషన్ గాయంతో వచ్చినవాళ్లు నలుగురే. 187 మందిలోనూ పిత్తాశయం తీశాక సన్నబడినవాళ్లు 18 మందే. నా పేషెంటుకి సన్నటి భాగం నాళాలు కలిసే చోటికి 12 మి.మీ. దూరంలో ఉంది. కవర్ ఉన్న మెటల్ స్టెంట్ జారకుండా నిలవాలంటే మచ్చకి పైన కొంత పొడవు ఉండాలి. పైకి జరిపితే కవర్ ఏదో ఒక లివర్ నాళం నోరు మూసేస్తుంది. కిందికి జరిపితే జారి పేగులో పడుతుంది. మచ్చ ఇంకో 2 సెంటీమీటర్లు కింద ఉండి ఉంటే మెటలే పెట్టేవాణ్ని.

కాబట్టి ప్లాస్టిక్, కానీ ఈసారి ఒకటి కాదు. రోమ్‌లో కోస్టమాన్యా బృందం 2001లో రాసిన పద్ధతి: 3 నెలలకు ఒకసారి పాతవి తీసి, నాళం పట్టినన్ని కొత్తవి, ప్రతిసారీ ఒకటి ఎక్కువ, మచ్చ ఆనవాలు పోయేదాకా. వాళ్ల పేషెంట్లు ఆపరేషన్ గాయం వాళ్లే. 2010లో వాళ్లే సగటున 13 ఏళ్లు దాటిన ఫలితాలు ప్రకటించారు. 35 మందిలో నలుగురికి మాత్రమే నాళం మళ్లీ సన్నబడింది. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. పక్కపక్కన నాలుగు గొట్టాలు ఉన్నప్పుడు అన్నీ పూడినా వాటి మధ్య సందుల్లోంచి పిత్తరసం దిగుతుంది. ఒకే ఒక్క స్టెంట్ పెట్టడం ఆమె విషయంలో రెండు రకాలుగా చాలలేదు: మచ్చని విప్పేంత లావు లేదు, పూడితే వేరే దారీ లేదు.

వేపపుల్ల

ఇదంతా ఆమెకి ఎలా చెప్పాలి? మొదటిసారి చెప్పిన తీరు పని చేయలేదని తెలిసింది. నర్సుని పిలిచి ఆమెనే అడిగాను, మీరైతే ఎలా చెబుతారని. పేషెంటు చెవి వైపు చూపించి ఆవిడ అంది: "అమ్మా, చెవి కుట్టించినప్పుడు ఏం చేశారు? వేపపుల్ల పెట్టలేదూ? పుల్ల తీసేస్తే ఏమవుద్ది?"

"పూడిపోద్ది."

"మీ లోపల గొట్టం కూడా అట్లా పూడిపోయే రంధ్రం. అందులో పుల్ల పెట్టాం. కొన్నాళ్లకి ఇంకొంచెం లావు పుల్ల. ఏడాదికి రంధ్రం గట్టిపడుద్ది. అప్పుడు అన్నీ తీసేస్తాం. మధ్యలో పుల్ల మురిగిపోతే చీము పట్టుద్ది. ఇప్పుడు పట్టినట్టు."

పేషెంటు చెవికమ్మ పట్టుకుని కాసేపు ఆలోచించింది. "ఎన్నిసార్లు మార్చాలి?" అని అడిగింది. మా దగ్గర ఆమె తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న అది. మచ్చ సాగితే సరిపోదు, సాగిన స్థితిలో నెలల తరబడి నిలబడితేనే అందులోని పీచు కొత్త ఆకారానికి కుదురుకుంటుంది. బెలూన్ ఒక్కటే చేసి వదిలేస్తే మళ్లీ ముడుచుకోవడానికి కారణం అదే. ఈ సంగతి నేను జూనియర్లకి బొమ్మలు గీసి చెబుతుంటాను. వేపపుల్లలో అదంతా ఉంది.

ఆ రోజు ఒక పసుపు అట్ట కార్డు తయారు చేశాం. తెలుగులో, పెద్ద అక్షరాల్లో: మీ లోపల గొట్టాలు ఉన్నాయి. ఈ తేదీకి మార్చాలి. జ్వరం, చలి, కళ్లు పచ్చబడటం వస్తే తేదీ కోసం చూడకుండా అదే రోజు రండి. కింద మా వార్డు నంబరు. ఆమె నంబరు, కొడుకు నంబరు, వాళ్ల ఊరి ఆశా కార్యకర్త నంబరు మేం రాసుకున్నాం. తేదీలు పెట్టేటప్పుడు కోతల నెలలు అడిగి, వాటికి ముందో వెనకో పడేలా ఒకటి రెండు వారాలు సర్దాం.

ఆ ఏడాది

ఆరో రోజు 8 మి.మీ. బెలూన్‌తో సాగదీసి, రాళ్లు తీసి, రెండు 10 ఫ్రెంచ్ స్టెంట్లు పెట్టాం. మూడు నెలలకు మూడు. ఆరో నెలకి నాలుగు. నాలుగు దాటి పోలేదు, ఎందుకంటే మచ్చ కింద ఉన్న ఆమె మామూలు నాళం దాదాపు 8 మి.మీ., 10 ఫ్రెంచ్ గొట్టాలు నాలుగు కట్టగా కలిపితే ఆ కట్ట లావు ఇంచుమించు అంతే అవుతుంది. అంతకు మించి దూరిస్తే బాగున్న నాళాన్ని మనమే గాయపరుస్తాం. నాలుగు పెట్టిన రోజు రాత్రి కడుపునొప్పి వచ్చింది, రక్తంలో పాంక్రియాస్ ఎంజైమ్ అమైలేజ్ పెరిగింది, తేలికపాటి పాంక్రియాటైటిస్. మూడు రోజులు సెలైన్ మీద ఉంచి పంపాం.

తొమ్మిదో నెలలో అసలు పరీక్ష ఎదురైంది, ఆమెకి కాదు, మాకు. పాతవి తీసి ఫొటో చూస్తే నాళం బారుగా, అందంగా తెరుచుకుని ఉంది. గదిలో అందరూ ఇక చాలన్నారు. నాకూ అలాగే అనిపించింది. ఆమె కూడా విసిగి ఉంది. కానీ రాళ్లు తీసే బెలూన్‌ను ఉబ్బించి పై నుంచి కిందికి లాగితే మచ్చ ఉన్న చోట కొద్దిగా పట్టింది. తెర మీద ఒక క్షణం నడుము కట్టి జారింది. రంగు మందు నిండి ఉన్నప్పుడు నాళం సాగి కనబడుతుంది, ఫొటో మోసం చేస్తుంది. బెలూన్ చేతికి తెలిసిపోతుంది. ఇంకో 3 నెలలు ఉంచుదాం అన్నాను. ఆమెకి మత్తు దిగాక, పుల్ల ఇంకోసారి మార్చామని చెబితే నిరాశపడింది, కానీ కార్డు తీసి తేదీ వేయమని ఇచ్చింది.

పన్నెండో నెలలో బెలూన్ ఎక్కడా పట్టకుండా జారింది. రంగు మందు 5 నిమిషాల్లో పేగులోకి దిగిపోయింది. నాలుగూ తీసేశాం, మళ్లీ పెట్టలేదు. ఆ ఏడాదిలో ఒక్క గడువూ తప్పలేదు. ఒకసారి నాలుగు రోజులు ముందే వచ్చింది, ఊళ్లో జాతర ఉందని.

తీసేశాక నాళం మళ్లీ సన్నబడేది ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే. కామెర్లు వచ్చేదాకా చూడక్కర్లేదు. అంతకు ముందే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరగడం మొదలవుతుంది. అందుకే 3 నెలలకు ఒకసారి లివర్ రక్త పరీక్ష (ఎల్‌ఎఫ్‌టీ), అది వాళ్ల దగ్గర్లోని టౌన్‌లోనే చేయించి రిపోర్టు ఫోన్‌లో పంపిస్తే చాలన్నాం. ఇది రాసేనాటికి స్టెంట్లు తీసి 28 నెలలు. ఆఖరి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 94.

ఇప్పుడు వేరేగా చేస్తున్నవి

ఇదే కేసు మళ్లీ మొదటి రోజు నుంచి వస్తే ఏం మారుస్తాను? మొదటి ఈఆర్‌సీపీలో ఒక్క స్టెంటే పట్టడం తప్పు కాదు, అప్పటి మచ్చ అంతకే లొంగింది. కానీ దాన్ని తాత్కాలికం అని నాలో నేను అనుకున్నాను తప్ప, 4 నుంచి 6 వారాల్లో పిలిచి రెండోది పెట్టేలా ప్లాన్ రాయలేదు. ఇప్పుడు ఒక్కటే పట్టినవాళ్లని 6 వారాలకే పిలుస్తున్నాం. సర్జన్‌తో కూర్చోవడం ఆమె రెండోసారి వచ్చినప్పుడు జరిగింది, అది మొదటిసారి వచ్చినప్పుడే జరగాల్సింది. ఎందుకంటే ఆ సంభాషణలో సర్జన్ అడిగిన మొదటి ప్రశ్న, "ఈమె మళ్లీ వస్తుందా?" అన్నది. నేను మొదటిసారి ఆ ప్రశ్న వేసుకోలేదు.

డిశ్చార్జి కాగితంలో స్టెంట్ తేదీ ఇప్పుడు మొదటి పేజీ పైన, తెలుగులో వస్తుంది. "స్టెంట్" అని ఒక్క మాట రాసి వదలం, "పిత్తనాళంలో తాత్కాలికంగా పెట్టిన ప్లాస్టిక్ గొట్టం" అని రాస్తాం. డిశ్చార్జి రోజు పేషెంటునే తిరిగి చెప్పమంటాం: లోపల ఏముంది, ఎప్పుడు తీయాలి అని. చెప్పలేకపోతే ఆ రోజు పంపం.

స్టెంట్ల పుస్తకం మా సీనియర్ నర్సు చూసుకుంటుంది. ప్రతి సోమవారం ఉదయం రౌండ్స్ ముందు తెరుస్తాం. గడువుకి రెండు వారాల ముందు ఒక ఫోన్, రెండు రోజుల ముందు ఇంకొకటి. ఈ సోమవారం జాబితాలో ఏడు పేర్లున్నాయి. ఆరుగురు వస్తామన్నారు. ఏడో ఆయన ఫోన్ మూడు రోజులుగా స్విచ్ఛాఫ్ వస్తోంది, భార్య నంబరూ అంతే. గడువు ఇంకా తొమ్మిది రోజులు ఉంది. వాళ్ల ఊరి ఆశా కార్యకర్త రేపు ఇంటికి వెళ్లి చూస్తానంది.